ఈ వేసవికి ఏ డాక్యుమెంటరీ సిరీస్? శ్రీకాకుళం జిల్లా ఇళ్లకూ బడులకూ ఒక పోలిక

బడులకు వేసవి సెలవులు ఇచ్చిన నాటి నుంచి మళ్లీ తెరిచే దాకా పిల్లలకు సుమారు ఏడు వారాల తీరిక దొరుకుతుంది. ఆ వారాల్లో కొన్ని సాయంత్రాలను విజ్ఞానశాస్త్రం, ప్రకృతి, మనుషుల జీవనం గురించిన టెలివిజన్ డాక్యుమెంటరీలకు కేటాయించాలని అనుకునే తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ శ్రీకాకుళం జిల్లాలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. కార్యక్రమాలకు కొరత లేదు. దొరికినవాటిలో దేనితో మొదలుపెట్టాలో, ఎవరికి ఏది చూపించాలో తేలకపోవడమే ఇబ్బంది. ఒక్కో సిరీస్‌లో ఆరు నుంచి పదమూడు భాగాలుంటాయి, ఒక్కో భాగం దాదాపు గంట నడుస్తుంది. అన్నింటినీ చూడడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. కాబట్టి పేరున్న కొన్నింటిని పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి పనికివస్తుందో, ఏది ఎక్కడ తడబడిందో ఇక్కడ వివరిస్తున్నాను.

పోల్చడానికి కొలమానం ముందే చెప్పుకోవడం మంచిది. దృశ్యాల అందాన్ని నేను రెండో స్థానంలో ఉంచుతాను. ఇప్పటి కెమెరాలతో తీసిన ప్రతి పెద్ద సిరీస్ కంటికి ఇంపుగానే ఉంటుంది గనుక, అందాన్ని బట్టి ఎంచుకోవాలంటే తేడా తెలియదు. మొదటి స్థానం వేరే ప్రశ్నది: తెర మీద చెబుతున్న సంగతి మనిషికి ఎలా తెలిసిందో ఆ కార్యక్రమం చూపిస్తుందా? దానికి జోడుగా ఇంకొకటి: ఇంకా తేలని సంగతిని తేలలేదని ఒప్పుకుంటుందా? ఇందుకు ఉద్దానం మనకు దగ్గరి ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ఎన్నో కుటుంబాలను కుంగదీస్తున్నా, నీటినీ మట్టినీ రక్తాన్నీ ఎన్నోసార్లు పరీక్షించినా, దానికి మూలకారణం ఇదీ అని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. ఈ జబ్బు మీద ఎవరైనా గంటసేపు కార్యక్రమం తీసి, చివర్లో నీళ్లే కారణమనో పురుగుమందులే కారణమనో తీర్పు చెప్పేస్తే చూసేవారికి ఒక ముగింపు దొరుకుతుంది గాని సత్యం దొరకదు. అనుమానం, పరీక్ష, అది తప్పని తేలడం, మళ్లీ పరీక్ష అనే క్రమం కనిపించే కార్యక్రమాలే పిల్లలకు విజ్ఞానశాస్త్రాన్ని నేర్పుతాయి.

ఆకాశం గురించి తెలుసుకోవాలంటే: పాత కాస్మాస్, కొత్త కాస్మాస్

ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ వ్యాఖ్యాతగా 1980లో అమెరికాలో ప్రసారమైన కాస్మాస్‌కు పదమూడు భాగాలు. సేగన్‌తో కలిసి దాన్ని రాసిన ఆన్ డ్రుయన్ ఆధ్వర్యంలో, నీల్ డిగ్రాస్ టైసన్ వ్యాఖ్యాతగా 2014లో మరో పదమూడు, 2020లో ఇంకో పదమూడు భాగాలు వచ్చాయి. ఈ మూడింటిలో ఏదో ఒకటి మాత్రమే ఎంచుకోవాలంటే చాలామంది సహజంగా కొత్తదాని వైపు మొగ్గుతారు. తొమ్మిదో తరగతి దాటిన పిల్లలు ఇంట్లో ఉంటే నేను మాత్రం 1980 నాటిదాన్నే ముందు చూడమంటాను.

దానికి కారణం మొదటి భాగంలోనే ఉంది. రెండువేల రెండువందల ఏళ్ల క్రితం ఎరటోస్తనీస్ అనే పండితుడు ఈజిప్టులో కూర్చుని భూమి చుట్టుకొలతను ఎలా లెక్కగట్టాడో సేగన్ ఒక మామూలు అట్టముక్కతో, రెండు పుల్లలతో వివరిస్తాడు. దక్షిణాన సయీన్ పట్టణంలో ఒకానొక మధ్యాహ్నం నిలువు స్తంభానికి నీడ పడదు, అదే రోజు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో పడుతుంది. భూమి బల్లపరుపుగా ఉంటే, ఎంతో దూరాన ఉన్న సూర్యుడి వెలుగులో రెండుచోట్లా నీడ ఒకేలా ఉండాలి. ఉండడం లేదు గనుక భూమి వంగి ఉన్నట్టే, ఆ వంపు ఎంతో నీడను బట్టి చెప్పవచ్చు. ఇందులో గొప్ప పరికరాలేమీ లేవు. ఈ భాగం చూసిన పిల్లవాడు మరునాడు పెరట్లో కర్ర పాతవచ్చు.

వేసవిలో చూడమనడానికి ఇంకా బలమైన కారణం మన జిల్లా ఉన్న చోటు. శ్రీకాకుళం పట్టణం ఉత్తర అక్షాంశం 18.3 డిగ్రీల దగ్గర ఉంది. ఉత్తరాయణంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చేది మే 12, 13 తేదీల ప్రాంతంలో. ఆ రోజు మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడ పూర్తిగా మాయమవుతుంది. మనం భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశానికి కాస్త తూర్పున ఉన్నాం కాబట్టి గడియారంలో పన్నెండు కావడానికి సుమారు పది నిమిషాల ముందే ఇది జరుగుతుంది. ఇచ్ఛాపురంలో ఉన్నవారు మూడు నాలుగు రోజులు ఆగాలి. సూర్యుడు తిరిగి దక్షిణానికి వెళుతూ జూలై నెలాఖరులో మరోసారి నడినెత్తికి వస్తాడు గాని అప్పటికి మబ్బులు కమ్ముకుని ఉంటాయి. ఇక ఎరటోస్తనీస్ లెక్కను నిజంగా చేసి చూడాలంటే ఒడిశాలోని సంబల్‌పుర్ మనకు దాదాపు సూటిగా ఉత్తరాన, సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒడిశాలో చుట్టాలున్న కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. అక్కడి బంధువుల పిల్లలు అదే రోజు మధ్యాహ్నం మీటరు పొడవున్న కర్ర నీడను కొలిస్తే సుమారు ఐదున్నర సెంటీమీటర్లు వస్తుంది. అంటే కోణం మూడు డిగ్రీల పైచిలుకు. పూర్తి వృత్తంలో అది ఎన్నో వంతో చూసి ఆ సంఖ్యతో దూరాన్ని హెచ్చిస్తే భూమి చుట్టుకొలత నలభైవేల కిలోమీటర్లకు దగ్గరగా వచ్చి నిలుస్తుంది. ఇంత పని చేయించగల భాగం 2014 సిరీస్‌లో నాకు కనిపించలేదు.

అరసవల్లిలో ఏటా మార్చి రెండో వారంలోను, అక్టోబరు మొదటి రోజుల్లోను ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే దృశ్యాన్ని చూడడానికి వేలమంది వస్తారు. ఆ రెండు సందర్భాలకూ ఉన్న సంబంధం కూడా ఈ సిరీస్ చూసిన పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. మార్చి విషువత్తుకు, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుకు, పది పదకొండు రోజుల ముందు ఉత్తరానికి వస్తూ సూర్యుడు ఏ చోట ఉదయిస్తాడో, సెప్టెంబరు విషువత్తు తరువాత అన్నే రోజులకు దక్షిణానికి పోతూ దాదాపు అదే చోట ఉదయిస్తాడు. ఆలయాన్ని నిలబెట్టిన స్థపతులు క్షితిజం మీద సూర్యుడి రాకపోకలను ఎంత శ్రద్ధగా గమనించి ఉంటారో తలచుకుంటే ఆ దర్శనం విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

పాత కాస్మాస్‌కు లోపాలు లేవని కాదు. అది వచ్చేనాటికి సూర్యుడి వంటి ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నట్టు ఆధారం లేదు. ఆ ఆధారం 1995లో దొరికింది. విశ్వం విస్తరించే వేగం నానాటికీ పెరుగుతోందని 1998లో తెలిసింది. విశ్వం వయస్సును సేగన్ 1500 కోట్ల సంవత్సరాలుగా తీసుకున్నాడు. నేటి లెక్క సుమారు 1380 కోట్లు. రెండో భాగంలో జపాన్ పీతల కథ ఒకటి ఉంది. వీపు మీద యోధుడి ముఖం వంటి గుర్తున్న పీతలను జాలర్లు భక్తితో నీటిలోకి వదిలేయడం వల్ల తరతరాలకు ఆ పోలిక బలపడిందని సేగన్ చెబుతాడు. ఆ జాతి పీతలు మరీ చిన్నవి, వాటిని ఎవరూ తినరు కనుక ఆ వివరణ నిలవదని తరువాతి పరిశోధకులు చూపించారు. ఈ సంగతులను ముందుగా చెప్పి చూపిస్తే నష్టం లేదు. ఒక గొప్ప ఉపాధ్యాయుడు చెప్పిన వివరణ కూడా సాక్ష్యం ముందు వీగిపోతుందని పిల్లలకు తెలియడం నా దృష్టిలో పెద్ద లాభం.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం 2014 సిరీస్ మేలు. వేగం ఎక్కువ, బొమ్మల రూపంలో చరిత్రను చెబుతుంది, సమాచారం కొత్తది. మొదటి భాగంలో, మతవిరోధి అని ముద్రవేసి 1600లో రోమ్‌లో సజీవంగా కాల్చేసిన ఇటలీ తాత్వికుడు జోర్డానో బ్రూనో జీవితాన్ని విజ్ఞానశాస్త్రానికి బలైన వీరుడి కథగా మలిచిన తీరును చరిత్రకారులు తప్పుపట్టారు. అక్కడ పెద్దవారు ఒక మాట కలిపితే చాలు. 2020 నాటిది మొదటి రెండూ నచ్చినవారికే.

మన దేశం నుంచి ఈ వరుసలో నిలబెట్టదగినది 1989లో దూరదర్శన్‌లో వచ్చిన భారత్ కీ ఛాప్. చందితా ముఖర్జీ దర్శకత్వంలో పదమూడు భాగాలుగా వచ్చిన ఈ సిరీస్ రాతియుగం నుంచి నేటి దాకా ఈ నేల మీద సాగిన శాస్త్ర సాంకేతికాల చరిత్రను చెబుతుంది. హిందీలో ఉంది, దృశ్యాలు పాతబడ్డాయి. అయినా కుండ చేసిన చేతినీ లోహం కరిగించిన చేతినీ శాస్త్ర చరిత్రలో భాగంగా చూపే తీరు కాస్మాస్‌లో కూడా ఇంత నిండుగా లేదు. కంచు, ఇత్తడి పనికి పేరున్న బుడితి వంటి ఊళ్లున్న జిల్లాలో చరిత్ర, సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు దీన్ని వదులుకోకూడదు.

ప్రకృతి: కొండలు, అడవులు ఒక వైపు, సముద్రం మరో వైపు

ఈ రంగంలో డేవిడ్ అటెన్‌బరో గొంతు వినిపించే బీబీసీ సిరీస్‌లే ముందు వరుసలో ఉంటాయి. ప్లానెట్ ఎర్త్ 2006లో పదకొండు భాగాలుగా, దాని రెండో విడత 2016లో ఆరు భాగాలుగా వచ్చాయి. సముద్రాల మీద తీసిన బ్లూ ప్లానెట్ రెండో విడత 2017లో ఏడు భాగాలుగా వచ్చింది. వారానికి ఒకటి చొప్పున చూస్తే ఈ ఏడు భాగాలు సెలవులకు సరిగ్గా సరిపోతాయి. కాని నా ఎంపికకు కారణం అది కాదు.

మన జిల్లాకు పొడవైన తీరం ఉంది. భావనపాడులోనో కళింగపట్నంలోనో బారువలోనో పుట్టిన పిల్లలకు సముద్రం పైభాగమే తెలుసు, వలలో పడ్డదే తెలుసు. లోపల ఏముందో తాతలకు కొంత తెలుసు, పుస్తకాలకు ఇంకొంత తెలుసు. బ్లూ ప్లానెట్ ఆ లోపలికి తీసుకుపోతుంది. గవ్వను నోట కరచుకుని, పగడపు దిబ్బ మీద ఒక గట్టి చోటును వెతికి, దానికేసి కొట్టి పగలగొట్టుకునే చేప మొదటి భాగంలోనే కనిపిస్తుంది. చేపకు తెలివి ఉండదన్న నమ్మకం ఆ కొద్ది నిమిషాల్లో సడలిపోతుంది. రెండో భాగం లోతైన చీకటి సముద్రానిది. ప్రతి భాగం చివర ఆ దృశ్యాలను ఎలా తీశారో చెప్పే ముక్క ఒకటి ఉంటుంది. చాలామంది అక్కడికి రాగానే టీవీ కట్టేస్తారు. దయచేసి కట్టేయవద్దు. నేను మొదట చెప్పిన ప్రశ్నకు, అంటే సంగతి ఎలా తెలిసిందన్నదానికి, జవాబు దొరికేది ఎక్కువగా అక్కడే.

చివరి భాగం సముద్రానికి మనుషుల వల్ల కలుగుతున్న హాని గురించినది. ఏటా చలికాలం నుంచి వేసవి మొదటి దాకా మన ఇసుకతీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనకు కాస్త ఉత్తరాన గంజాం జిల్లాలోని రుషికుల్య నదీముఖం దగ్గర అవి వేలకొద్దీ ఒకేసారి ఒడ్డుకెక్కుతాయి. ఒక్కో తల్లి సుమారు వంద గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. గూటిలోని ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదో మగదో నిర్ణయమవుతుంది. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకురావడం కూడా తీరవాసులు చూస్తూనే ఉన్నారు. కనుక చివరి భాగాన్ని ఇతర దేశాల సంగతిగా కాకుండా మన రేవుల సంగతిగా చూడగలిగేవారు మన జిల్లాలోనే ఎక్కువ. నాలుగో భాగంలో చనిపోయిన పిల్లను విడవకుండా మోసుకుతిరిగే తిమింగలం దృశ్యం ఉంది. ఆరేడేళ్ల పిల్లలకు అది బరువవుతుంది. పెద్దవారు పక్కన కూర్చోవాలి.

తీరానికి దూరంగా, పాతపట్నం, మెళియాపుట్టి వైపు కొండల దగ్గర ఉండేవారికి ప్లానెట్ ఎర్త్ దగ్గరగా అనిపించవచ్చు. రెండింటిలో 2006 నాటిది విస్తారమైనది, భూమి మొత్తాన్ని చుట్టివస్తుంది. 2016 నాటిది జంతువులకు చాలా దగ్గరగా వెళ్లి, ఒక్కో ప్రాణినీ కథానాయకుడిగా నిలబెడుతుంది. ఈ పద్ధతి పిల్లలను కట్టిపడేస్తుంది గాని ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకే జంతువు కథలా కనిపించేది చాలాసార్లు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు జంతువుల మీద తీసిన దృశ్యాల కూర్పు. దూరపు కటకంతో తీసినప్పుడు కెమెరాకు అందని చప్పుళ్లను, అంటే అడుగుల సవ్వడిని, రెక్కల విదిలింపును, ఎముక కొరికిన శబ్దాన్ని, తరువాత స్టూడియోలో చేర్చుతారు. 2011లో వచ్చిన ఫ్రోజన్ ప్లానెట్‌లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లల పుట్టుకను చూపిన గుహ దృశ్యం ఒక జంతుప్రదర్శనశాలలో తీసినదని బయటపడినప్పుడు బ్రిటన్‌లో పెద్ద చర్చే జరిగింది. నిజమైన మంచు గుహలోకి కెమెరా పంపితే తల్లి పిల్లలను వదిలేసే ప్రమాదం ఉంది గనుక అలా తీయడాన్ని నేను తప్పుపట్టను. ఆ మాటను వ్యాఖ్యానంలోనే చెప్పి ఉండవలసింది.

సమయం తక్కువ ఉన్నవారు 2016 సిరీస్‌లో నగరాల మీద ఉన్న చివరి భాగం ఒక్కటి చూసినా చాలు. ముంబయిలో రాత్రిపూట తిరిగే చిరుతలు, జోధ్‌పుర్‌లో జనంతో కలిసి బతికే కొండముచ్చులు అందులో ఉన్నాయి. అడవి ఒకచోట, ఊరు ఒకచోట అన్న గీత అక్కడ చెరిగిపోతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకునే పెలికాన్లనూ రంగుకొంగలనూ చూసి పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన దగ్గర చిన్నా పెద్దా అందరూ చెప్పుకుంటారు. నిజానికి ఆ పెలికాన్ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనే గూడు కట్టి పిల్లల్ని పెంచే పక్షి. పక్షుల రాకపోకలను కాలికి వేసిన ఉంగరాల ద్వారా, వీపున అమర్చే చిన్న ప్రసార పరికరాల ద్వారా కనిపెడతారు. ప్రకృతి సిరీస్ చూపించిన తరువాత పిల్లలను తేలినీలాపురం తీసుకువెళ్లి, ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎలా తెలుసుకోవచ్చని అడిగితే ఆ సాయంత్రాలు ఫలించినట్టే. పెలికాన్లు గూళ్ల మీద ఉండేది చలికాలంలో కనుక ఈ ప్రయాణాన్ని వేసవిలో పెట్టుకోవద్దు.

మొక్కల మీద ఆసక్తి ఉన్నవారికి 1995 నాటి ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ప్లాంట్స్ ఆరు భాగాలు చాలు. తీగ ఆధారం కోసం గాలిలో వెతుక్కోవడం, మొగ్గ విచ్చుకోవడం వంటి నెమ్మదైన కదలికలను కాలాన్ని కుదించి చూపిన ఆ దృశ్యాలు ఇన్నేళ్ల తరువాత కూడా తేటగానే ఉన్నాయి.

మనుషుల జీవనం: ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి

మూడు రంగాల్లో ఎంపిక కష్టమైనది ఇదే. జంతువు తన గురించి తీసిన కార్యక్రమాన్ని చూడదు. మనిషి చూస్తాడు, చూడకపోయినా అతని పరువు అందులో ఉంటుంది.

బీబీసీ 2011లో ఎనిమిది భాగాలుగా తీసిన హ్యూమన్ ప్లానెట్ చాలా చోట్ల సిఫారసుల్లో కనిపిస్తుంది. సముద్రం, ఎడారి, మంచు, అడవి, కొండ, గడ్డిమైదానం, నది, నగరం అనే ఎనిమిది పరిసరాల్లో మనుషులు ఎలా బతుకుతున్నారో చూపుతుంది. నదుల భాగంలో మేఘాలయ ఖాసీలు మర్రిజాతి చెట్టు వేళ్లను మలిచి పెంచే వంతెన ఉంది. తాత మొదలుపెట్టిన వంతెన మనవలకు ఉపయోగపడుతుంది. అది చూడదగ్గ దృశ్యం. అయితే అడవుల భాగంలో పపువాలోని కొరొవాయి జాతివారు చెట్టు చిటారున కట్టుకున్న ఇంటిని చూపారు. ఆ ఇల్లు చిత్రీకరణ కోసమే కట్టించినదని, వారు నివసించే ఇల్లు కాదని 2018లో బీబీసీయే ఒప్పుకుంది. సిరీస్ పంపిణీని కూడా నిలిపివేసింది. ఈ కారణంగా బడుల్లో చూపించడానికి దీన్ని నేను సిఫారసు చేయను. ఎక్కడైనా దొరికి ఇంట్లో చూస్తే ఈ సంగతి చెప్పుకుని చూడాలి.

మన నేల మీద పుట్టిన ఒక పెద్దమనిషి పద్ధతిని దీని పక్కన పెట్టి చూడవచ్చు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవరల గురించి రాయడానికి ముందు సవర భాష నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి వారితో మాట్లాడి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. కొద్ది వారాలు ఒక జాతి మధ్య గడిపి, దుబాసీ సాయంతో నాలుగు దృశ్యాలు తీసుకుని వెళ్లే బృందం నుంచి అంత లోతు ఆశించలేం. కాని తెర మీది మనిషి తన మాట తానే మాట్లాడుతున్నాడా, అతని బదులు వ్యాఖ్యాతే అంతా చెబుతున్నాడా అని గమనించడం చూసేవారి చేతిలో ఉంది.

ఆ గీటురాయికి నిలిచేవాటిలో మొదటిది బ్రిటన్‌లో 1964లో మొదలైన అప్ వరుస. ఏడేళ్ల వయసున్న పద్నాలుగు మంది పిల్లలను, కొందరు సంపన్నుల ఇళ్ల నుంచి, కొందరు కూలీల ఇళ్ల నుంచి ఎంచుకుని, వారి ఆశలేమిటో అడిగారు. తరువాత ప్రతి ఏడేళ్లకూ మళ్లీ వెళ్లి కలిశారు. రెండో విడత నుంచి మైకేల్ ఆప్టెడ్ దర్శకత్వంలో సాగిన ఈ పని 2019లో వారికి అరవైమూడేళ్లు వచ్చేదాకా నడిచింది. రెండేళ్లకు ఆయన కన్నుమూశారు. పుట్టిన ఇల్లే మనిషి దారిని నిర్ణయిస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పలచబడి, పెళ్లిళ్లు, ఉద్యోగాలు, తల్లిదండ్రుల మరణాలు, మనసు చెదిరిన రోజులు ముందుకు వస్తాయి. పాల్గొన్నవారే దర్శకుడిని నిలదీసిన సందర్భాలు కూడా అందులో దాచకుండా ఉంచారు. ఇంతటి నిజాయితీ నేను మరే సిరీస్‌లోనూ చూడలేదు. ఇంగ్లీషు యాసలు కష్టంగా ఉంటాయి కాబట్టి కళాశాల చదువుల్లో ఉన్నవారికి, పెద్దలకు, సబ్‌టైటిళ్లతో మాత్రమే ఇది సరిపోతుంది. పిల్లలకు విసుగు పుడుతుంది.

రెండోది కార్తికీ గోన్సాల్వెస్ తీసిన ది ఎలిఫెంట్ విస్పరర్స్. ఇది సిరీస్ కాదు, నలభై నిమిషాల చిత్రం. 2023లో ఆస్కార్ పొందింది. తమిళనాడులోని ముదుమలై అడవిలో, అనాథలైన ఏనుగు పిల్లలను పెంచే కాట్టునాయకన్ గిరిజన దంపతులు తమ మాట తామే మాట్లాడతారు. చిన్నపిల్లలు కూడా ఇష్టంగా చూస్తారు. అయితే ఒడిశా కొండల నుంచి దిగివచ్చిన ఏనుగుల గుంపులు మన జిల్లాలోను, పక్కనున్న పార్వతీపురం మన్యం జిల్లాలోను చెరకునూ అరటినీ తొక్కేసిన, మనుషుల ప్రాణాలు పోయిన సంఘటనలు తెలిసిన రైతు కుటుంబం ఈ చిత్రాన్ని చూసే తీరు వేరుగా ఉంటుంది. శిబిరంలో మచ్చికైన ఏనుగుకూ దారి తప్పిన అడవి గుంపుకూ ఉన్న తేడా చిత్రంలో ఎక్కువగా కనిపించదు. చూసిన తరువాత ఆ మాట తప్పక మాట్లాడుకోవాలి. ఏనుగుల పాత దారులు ఏమయ్యాయన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

వృత్తుల మీద వచ్చే చిన్న డాక్యుమెంటరీలను ఎంచుకునేటప్పుడు పనిని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చూపారా లేదా అన్నది చూడండి. పొందూరు ఖద్దరు మీద తీసినదైతే, పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే ఘట్టం నుంచి రాట్నం మీదుగా మగ్గం దాకా రావాలి. రాట్నం ముందు కూర్చున్న అవ్వ ముఖాన్ని మాత్రం చూపి, విషాద సంగీతం వినిపించి ముగించినదైతే అందులో నేర్చుకునేది ఏమీ ఉండదు.

భాష, ఖర్చు, వీలు

ఇంట్లో నలుగురూ కలిసి చూడాలంటే తెలుగు వ్యాఖ్యానం ఉన్నదే ఎంచుకోవాలి. డిస్కవరీ, నేషనల్ జియోగ్రాఫిక్, సోనీ బీబీసీ ఎర్త్ చానళ్లలో తెలుగు వ్యాఖ్యానం వస్తుంది. చాలా ఇళ్లలో రిమోట్ మీద భాష మార్చే మీట ఉన్న సంగతి తెలియక హిందీలోనే చూస్తూ ఉంటారు. చానళ్లలో చిక్కు ఏమిటంటే భాగాలు వరుసగా రావు, ప్రకటనలు మధ్యలో తెగ్గొడతాయి, చివర ఉండే చిత్రీకరణ ముక్కను తరచు వదిలేస్తారు. చందా కట్టి ఇంటర్నెట్‌లో చూస్తే వరుస ఉంటుంది, ఆపి మాట్లాడుకునే వీలుంటుంది, కాని అన్నింటికీ తెలుగు ఉండదు. అమ్మమ్మ, తాతయ్యలతో కలిసి చూసే ఇంటికి చానలే మంచిది. ఒక్క విషయాన్ని లోతుగా పట్టుకోవాలనుకునే విద్యార్థికి ఇంటర్నెట్ మంచిది. ఫోన్ సిగ్నల్ సరిగా అందని ఊళ్లవారు పట్టణానికి వచ్చినప్పుడు ఫోనులోకి దించుకుని తీసుకువెళ్లవచ్చు. ఇంటి చందాతో చూసేవాటిని బడిలో అందరి ముందూ ప్రదర్శించే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి.

తీరపు ఊరిలో పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి నా సలహా బ్లూ ప్లానెట్ రెండో విడత, వారానికి ఒక భాగం. హైస్కూలు పై తరగతుల విద్యార్థులకు పాత కాస్మాస్ మొదటి భాగం మే మొదటి వారంలో చూపించి, 12వ తేదీకి కర్ర సిద్ధం చేసుకోవాలి. మిగతా పన్నెండు భాగాలను జూన్ దాకా వారానికి రెండు చొప్పున చూడవచ్చు. చిన్నపిల్లలే ఉన్న ఇంటికి ప్లానెట్ ఎర్త్ నగరాల భాగం, ఏనుగుల చిత్రం, ఈ రెండూ ఒక నెలకు సరిపోతాయి. డిగ్రీ చదివే పిల్లలున్నవారు అప్ వరుసను మొదటి నుంచి మొదలుపెట్టాలి గాని మధ్యలో అందుకోవద్దు. ఏది ఎంచుకున్నా రెండు భాగాలు చూశాక ఆగి, కొనసాగించాలో వద్దో పిల్లలనే అడగండి. వద్దంటే బలవంతపెట్టకుండా మరొకటి తీయండి.